నూటపదహార్ల గల్లీకి జేజేలు

జేజేలు నీకు, ఇరుకు గల్లీ! రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే గాని, ఆషాఢం వచ్చిందంటే నీలోంచి ఫలహారం బండి పోతుంది, దాని ముందు డప్పులు పోతాయి, ఒళ్లంతా పసుపు పూసుకుని గజ్జెలు కట్టిన పోతరాజు కొరడా ఝళిపిస్తూ పోతాడు, నెత్తిన బోనాలెత్తుకున్న ఆడబిడ్డలు వరసకట్టి పోతారు. అంత చోటు ఎక్కణ్నుంచి తీస్తావో నీకే తెలియాలి.

లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాదులో ఉన్నా, ధూల్‌పేటలో ఉన్నా, అంబర్‌పేటలో ఉన్నా నీ పుట్టుక దాదాపు ఒక్కటే. ముందు ఎవరో గుడిసె వేశారు. పక్కన ఇంకొకరు గోడ లేపారు. ఆ గోడకు ఆనించి మూడోవాళ్లు రేకులు దించారు. వేపచెట్టు మొదట్లో ఓ రాయికి పసుపు కుంకుమ పెట్టారు. చాన్నాళ్ల తర్వాత కార్పొరేషన్ వాళ్లొచ్చి తలుపుల మీద నంబర్లు రాసి పోయారు. నంబరు రాసినంత మాత్రాన గల్లీ అయిపోతుందా? పక్కింటాయన పేరు తెలియని వీధులు ఈ హైదరాబాదులో కొల్లలు. వాటికీ నంబర్లున్నాయి, నున్నటి రోడ్లున్నాయి, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. నిన్ను గల్లీని చేసింది ఆ నంబరు కాదు. అరచేతి వెడల్పు చందా పుస్తకం.

ఆ పుస్తకాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. అట్టమీద అమ్మవారి బొమ్మ, ముద్రణలో ఎరుపు కాస్త పక్కకు జరిగి అమ్మవారికి రెండు బొట్లు పడ్డాయి. లోపల గులాబీరంగు రసీదులు, మధ్యలో వాడి వాడి తెల్లబారిన కార్బన్ కాగితం. అట్ట మూలకు చిల్లు పొడిచి దారంతో కట్టిన బాల్‌పెన్ను. ‘శ్రీ / శ్రీమతి’ అన్నచోట ఒక చుక్కల గీత, ‘అక్షరాల రూపాయలు’ అన్నచోట ఇంకొకటి. ఆ రెండో గీత మీద ఎంత పడాలన్నది ఏటేటా జరిగే బేరం. వంద ఇవ్వడం మర్యాద కాదు, నూటపదహార్లు ఇవ్వాలి. ఐదువందలు కాదు, ఐదువందల పదహార్లు. కొసరు పడితే గాని ఇచ్చినవాళ్లకు తృప్తి ఉండదు. ఇప్పుడు అట్ట వెనకవైపు క్యూఆర్ కోడ్ అంటించారు. చిల్లర బాధ తీరింది కదా అని గుండు వంద కొడతారేమో అనుకుంటే, ఫోన్‌పేలోనూ నూటపదహారే కొడుతున్నారు.

చందాకు బయలుదేరిన కుర్రాళ్లకు జేజేలు. నలుగురు వస్తారు. ఒకడు అడుగుతాడు, ఒకడు రాస్తాడు, ఒకడు సంచీ పట్టుకుంటాడు, నాలుగోవాడు ఊరికే నవ్వుతుంటాడు. ఆ నాలుగోవాడు లేకపోతే సగం చందా రాలదని కమిటీ పెద్దలకు తెలుసు.

“అక్కా, బోనాల చందా!”

“పోయినేడు ఎంత రాసిన్రు?”

“మూడువందల పదహార్లు.”

“గదే రాయి. డీజే పెడితే మాత్రం ఒక్క రూపాయి ఇయ్య. మా అత్తమ్మకు గుండెదడ.”

“పెట్టమక్కా. డప్పులే.”

“పోయినేడు గూడ గట్లనే అన్నరు.”

రాసేవాడు రాస్తూనే ఉంటాడు, నాలుగోవాడు నవ్వుతూనే ఉంటాడు. ఎదురింటి దర్జీ మిషన్ ఆపకుండానే బేరం మొదలుపెడతాడు: దుకాణం ముందు కమాను గుంజ పాతనంటేనే ఐదువందలు, పాతితే రెండువందలే. ఇస్త్రీబండి పెద్దాయన పైసలకు బదులు పండగ మూడు రోజులూ కమిటీ వాళ్ల కండువాలు ఇస్త్రీ చేసిపెడతానంటాడు. దానికి రసీదు ఎలా రాయాలో తెలియక కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి ‘అక్షరాల రూపాయలు’ పక్కన ‘ఇస్త్రీ’ అని రాస్తారు.

ఆ పక్క మేడమీద రేకుల గది. ఊరినుంచి వచ్చిన తాపీమేస్త్రీ కుటుంబం అందులో దిగి ఇంకా ఏడాది కాలేదు. చందా వాళ్లను చూసి ఆయన తలుపు సగమే తీస్తాడు. “మేము కిరాయికుంటం కదా తమ్మీ” అంటాడు. వద్దని కాదు, అసలు ఇవ్వచ్చో ఇవ్వకూడదో తెలియక. “అయితే ఏందన్నా? పేరు చెప్పు” అంటాడు రాసేవాడు. ఆయన పేరు చెబుతాడు. ఇంటిపేరు కూడా అడుగుతారు. అదీ చెబుతాడు. రేషన్ కార్డు ఊళ్లో ఉంది, ఓటు ఊళ్లో ఉంది, ఆధార్ మీద ఊరి చిరునామా ఉంది. ఈ నగరం ఇంటిపేరుతో సహా ఆయన పేరు రాసి చేతికిచ్చిన మొదటి కాగితం ఆ గులాబీరంగు రసీదే. భార్య దాన్ని క్యాలెండర్ మేకుకు గుచ్చుతుంది. మర్నాడు కమాను లేపేటప్పుడు గుంజ వంకరపోతే కింద నుంచి కేక వస్తుంది: “మేస్త్రన్నా, జర దిగి రా! నీకైతే తెలుస్తది.” ఆయన తూకపుగుండు పట్టుకుని దిగివస్తాడు.

నగరానికి కొత్తగా వచ్చినవాణ్ని ఇంత సులువుగా తనవాణ్ని చేసుకునే ఆఫీసు ఇంకోటి ఉంటే నాకు చూపించండి.

గల్లీ, నీ పనుల వయసు తక్కువేమీ కాదు. లష్కర్‌లో పెద్దలు చెప్పుకునే కథ తెలిసిందే. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి. 1813లో ఉజ్జయినిలో ఉండగా సొంత ఊళ్లో మహమ్మారి మనుషుల్ని ఎత్తుకుపోతోందని విని, అక్కడి మహంకాళికి మొక్కాడు: మావాళ్లు బతికి బయటపడితే మా ఊళ్లో నీకు గుడి కడతాను. 1815లో సికింద్రాబాదుకు తిరిగివచ్చి కొయ్య విగ్రహం నిలిపాడు. మొక్కింది ఒక డోలీ బోయీ. ఈ నగరంలో అతిపెద్ద జాతరల్లో ఒకటి రాజు ఆజ్ఞతో కాక కూలి మనిషి మాటతో మొదలైందన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండగ చేసింది, సంతోషమే. అప్పటికే దాదాపు రెండు వందల ఏళ్లుగా గల్లీలు తమ ఖర్చుతో తాము చేసుకుంటూనే ఉన్నాయి.

గోల్కొండ కోటలో జగదాంబికకు తొలి బోనం. తర్వాత లష్కర్. తర్వాత లాల్ దర్వాజా, పాతబస్తీ. వారం వారం పండగ ఒక పేట నుంచి ఇంకో పేటకు నడుస్తుంది. అందులో ఒక సౌఖ్యం ఉంది, ఎవరి వారం వాళ్లు చేసుకుని మిగతా వారాలు చుట్టాలిళ్లకు భోజనాలకు పోవచ్చు.

బోనం ఎత్తే తల్లుల్లారా, మీకు దండం. తెల్లవారుజామునే కొత్తకుండకు సున్నం, పసుపు, కుంకుమ. లోపల పాలు బెల్లం వేసి వండిన అన్నం. కుండ మెడకు వేపమండలు, మూతి మీద ప్రమిద, ప్రమిదలో వెలుగు. నెత్తిన చుట్టకుదురు సర్దుకుని కుండ ఎత్తాక, ఇక చేతులు వదిలేసి నడుస్తారు చూడండి, అప్పుడు మీకు దండం. పాదాల దగ్గర బిందెలతో నీళ్లు గుమ్మరించేవాళ్లకు, సాక పోసేవాళ్లకు, వెదురు పుల్లలకు రంగు కాగితాలు అతికించి తొట్టెలు కట్టిన ముసలాయన వేళ్లకు. లష్కర్‌లో మర్నాడు సోమవారం రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ వానలెట్లా ఉంటాయో, పంటలెట్లా ఉంటాయో, రోగాలెట్లా ఉంటాయో చెబుతుంది. మంత్రులు కూడా చేతులు కట్టుకుని వింటారు. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. ఏడాదికొక్క పూటైనా ఒక ఆడమనిషి మందలిస్తుంటే నగరం నోరు మూసుకుని వినడం నాకు బాగుంటుంది.

చందా అంటే పండగే అనుకుంటారు చాలామంది. సుల్తాన్ బజార్ పక్కకు ఒకసారి పోయి రండి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న పుట్టింది, రామకోటిలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వెనక నిలబడ్డారు. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ నడుస్తున్న రాజ్యంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక గది కావాలని కొందరు తమ డబ్బూ, తమ ఇల్లూ, తమ సాయంత్రాలూ ఇచ్చారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం. పెద్ద మాటలేవీ చెప్పకుండా బీరువాలు కొన్నారు, పత్రికలు తెప్పించారు, దీపం పెట్టారు. తర్వాతి కాలంలో సభ జరుపుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సర్కారు అనుమతి ఉండాలని వచ్చినప్పుడు, నలుగురూ కూర్చోడానికి ఈ పఠన మందిరాలే మిగిలాయి. ఆ గదులకు జేజేలు. వాటి కిర్రుమనే కుర్చీలకు, పేపరు కోసం ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూసిన పాఠకులకు.

ఇంకొక పేరు కాస్త గట్టిగా పలకాలి. భాగ్యరెడ్డి వర్మ. గ్రంథాలయం మెట్లు కూడా ఎక్కనివ్వని కులాల బస్తీల్లో ఆయన తిరిగాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో మొదలుపెట్టాడు. చదువురాని జనాన్ని కూర్చోబెట్టాలంటే ఉపన్యాసం పనికిరాదు, కథ కావాలని ఆయనకు తెలుసు. కథ మధ్యలో తాగుడు మానండి, బాల్యవివాహాలు వద్దు, ఆడపిల్లల్ని జోగినులుగా వదలొద్దు అని చెప్పేవాడు. 1910లో ఇసామియా బజార్‌లో పిల్లలకు బడి మొదలైంది. తర్వాత ఒక్కో బస్తీలో ఒక్కో బడి. పంతులుకు జీతం ఎవరివ్వాలి, పలకలు ఎవరు కొనాలి, వానొస్తే ఎవరి వసారాలో కూర్చోవాలి? ఈ ప్రశ్నలకు జవాబులు గల్లీల్లోనే వెతికారు. బోనాల కమాను ఎంత ఎత్తున కట్టినా, ఆ పలకల వరస కన్నా ఎత్తు కాదని నా లెక్క.

వినాయకుడి సంగతి చెప్పకపోతే ఖైరతాబాద్ వాళ్లు ఊరుకోరు. 1954లో సింగరి శంకరయ్య పెట్టింది ఒక్క అడుగు విగ్రహం. ఏడాదికో అడుగు పెంచుకుంటూ పోయారు. 2014 నాటికి అరవై అడుగులు. ఎత్తు సంగతి నాకంత పట్టదు. బాలాపూర్ లడ్డూ మాత్రం పడుతుంది. 1994లో మొదటి వేలంలో ఆ లడ్డూ పలికిన ధర 450 రూపాయలు. 2024లో ముప్ఫై లక్షల వెయ్యి. పాడినవాళ్లకు పేరు, పొలంలో చల్లుకోడానికి లడ్డూ ముక్క, ఊరికి డబ్బు. ఆ డబ్బు గుడికీ, బడికీ, ఊరి పనులకూ పోతుంది. గొప్పకోసం పోటీపడే మనిషి బుద్ధిని కూడా ఊరి ఖాతాలో జమచేసుకున్న లౌక్యానికి జేజేలు!

పొగుడుతున్నాను గదా అని అన్నిటికీ జేజేలు కొట్టను. కిరాణా కొట్టువాణ్ని బెదిరించి రాయించే ఐదువేలకు కొట్టను. అమ్మవారి మొహం కన్నా నాయకుడి మొహం పెద్దగా అచ్చేసిన ఫ్లెక్సీకి కొట్టను. పేరు రాయించుకుని ఖర్చు చెప్పని కమిటీకి, అర్ధరాత్రి కిటికీ అద్దాలు అదిరే డీజేకి, పుస్తకం పట్టుకుని ఆ గల్లీ దాకా వచ్చి ‘వాళ్లిళ్లు వద్దులే’ అని మలుపు తిరిగిపోయే కాళ్లకు అసలే కొట్టను. డబ్బు తీసుకోకపోవడం కూడా వెలివేయడమే. అడగకుండా వదిలేసిన ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకుంటారో కమిటీ వాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

అందుకే పాతబస్తీ సబీళ్లంటే నాకు ప్రీతి. ముహర్రంలో వీధి మొగల మీద నల్లగుడ్డ కట్టిన బల్లలు వెలుస్తాయి. దబీర్‌పురా బీబీ కా అలావా నుంచి అలం ఏనుగు మీద బయలుదేరే పదోరోజు దాకా, దారినపోయే ఎవరికైనా గ్లాసు షర్బత్. ఏ మతమని అడగరు, ఏ గల్లీ అని అడగరు. అక్కడి కుర్రాళ్లు కూడా చక్కెరకూ పాలకూ గల్లీ గల్లీ తిరిగినవాళ్లే. “పీకే జావో అన్నా” అని చేతిలో పెడతారు. గ్లాసు అంచు చల్లగా తగులుతుంది.

2020 బోనాల కుర్రాళ్లకూ సబీళ్ల కుర్రాళ్లకూ ఒకే ఏడు పరీక్ష పెట్టింది. మార్చిలో లాక్‌డౌన్, పనులు పోయిన కూలీలు. అక్టోబరు 13 రాత్రి ఆకాశం కూలినట్టు వాన. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు కాలనీలు మొదటి అంతస్తు దాకా మునిగాయి. పడవలు రావడానికి టైము పడుతుంది, ఆకలికి పట్టదు. పెళ్లిళ్లలో బిర్యానీ వండే దేగులు పొయ్యెక్కాయి. బోనాల వాట్సాప్ గ్రూపులో ‘పాలపొడి ఎవరి దగ్గరుంది’ అని మెసేజీలు. పండగకు ఎవరు లారీ మాట్లాడతారో, ఎవరింట్లో పెద్ద గిన్నెలున్నాయో, ఎవరు అడిగితే కొట్టువాడు అరువిస్తాడో, అంతా ముందే తెలిసి ఉంది. ఏళ్ల తరబడి శామియానాలు కట్టినవాళ్లకు తాడు ముడి కొత్తగా నేర్పాలా?

బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర కూడా ఒక నిమిషం ఆగాలి. అదేమీ చందాతో తేలిన బావి కాదు. నిజం చెప్పాలి గదా, కార్పొరేషన్ డబ్బు, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ వాళ్ల పట్టుదల అందులో ఉన్నాయి. నాగన్నకుంట అని పిలిచే పాత చోటు. నిజాముల కాలం కన్నా పాతదంటారు. చెత్త పోసి పోసి, మట్టి కప్పి కప్పి, అక్కడ బావి ఉన్న ఆనవాలే చెరిపేశారు. చెత్త వేసిందీ గల్లీయే, ఈ పాపంలో మన వాటా ఒప్పుకోవాలి. 2021లో తవ్వడం మొదలుపెడితే ఒక్కో వరస మెట్లు బయటపడుతూ వచ్చాయి. మంటపాల రాతి స్తంభాలు, మోటతో నీళ్లు తోడిన రాతిదిమ్మలు. లారీలకు లారీలు చెత్త పోయింది. ఆ తర్వాత అడుగు నుంచి నీళ్లు వాటంతట అవే ఊరాయి. 2022 డిసెంబరులో బావి తెరిచారు. చుట్టుపక్కల ముసలమ్మలు మనవళ్లను తెచ్చి ‘మీ తాత ఇందులో ఈత కొట్టిండు’ అని చూపిస్తారు. ఇప్పుడు అక్కడ చెత్త కవరు విసిరితే మూడు మేడల మీంచి మూడు గొంతులు లేస్తాయి. ఆ మూడు గొంతులకు జేజేలు. వాటికి ఏ బడ్జెట్టులోనూ పద్దు ఉండదు.

కొత్త అపార్ట్‌మెంట్లను ఊరికే ఆడిపోసుకోను. లిఫ్టులో కళ్లు కలపనివాళ్లు కూడా బతుకమ్మ నాడు సెల్లారులో కార్లు జరిపి చోటు చేస్తున్నారు. తంగేడు, గునుగు మోండా మార్కెట్లో కొనాల్సి వచ్చినా సరే, కొనుక్కొచ్చి వరసలు పేరుస్తున్నారు. గోదావరి జిల్లా కోడలికి చప్పట్ల దరువు దొరకదు, వరంగల్ అత్తగారు చేయి పట్టుకుని తిప్పుతుంది. ఆ రాత్రి నుంచి ఇద్దరి మధ్యా ఆవకాయ జాడీ ఒకటి తిరుగుతూ ఉంటుంది.

పండగ అయిపోయాక వచ్చే ఆదివారం లెక్కల మీటింగు. నిజం చెబితే గల్లీకి అసలు పండగ ఇదే. కమ్యూనిటీ హాల్లో సగం గదిని బస్తీ దవాఖాన తీసుకుంది గనుక మిగతా సగంలో, చెప్పులు విప్పి, చాపల మీద. కోశాధికారి పద్దు చదువుతాడు: పూలు ఇంత, డప్పులు ఇంత, కరెంటు ఇంత, పోతరాజుకు ఇంత. “నిమ్మకాయలకు పద్నాలుగు వందలా?” అని వెనకనుంచి ఒక గొంతు. “దండ మీ ఇంటి గుమ్మం కాడ దాక కట్టినం గదా పెద్దమ్మా, లెక్కేస్కో” అని జవాబు. డీజే పద్దు దగ్గర గొంతు తగ్గించబోతాడు. అక్క పట్టుకుంటుంది. “ఆగు. మళ్ల చదువు. ఇంకా గట్టిగ.” చదువుతాడు. అందరూ నవ్వుతారు, అక్క నవ్వదు. వచ్చే ఏడు సంచీ తన దగ్గర ఉంటుందని అప్పటికప్పుడు తేల్చేస్తుంది, కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

మిగులు ఏడువేల రెండువందలు. గుడికి ఇనుప గ్రిల్ అంటారు ఒకరు. పదో తరగతి పిల్లలకు గైడ్లు అంటారు ఇంకొకరు. దర్జీ తన దుకాణం ముందు మూత లేని డ్రైనేజీ గురించి లేచి నిలబడి మాట్లాడతాడు. నాలుగోవాడు మొదటిసారి నోరు తెరిచి క్యారంబోర్డు అంటాడు, వాణ్ని కూర్చోబెడతారు. మేస్త్రన్న వెనక గోడకు ఆనుకుని ఉన్నవాడు ముందుకొచ్చి, మూతకు సిమెంటు ఇప్పిస్తే కూలి తనదని అంటాడు. అయితే కంకర ఎవరిస్తారు, గైడ్లకు ఎంత మిగులుతుంది, గ్రిల్ సంగతేమిటని మళ్లీ మొదలు. గదిలో ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. “పైసలు ఎవరియి? మనయి గదా, జర ఒక్కొక్కరు చెప్పుండ్రి!” అని అక్క చాప మీద చెయ్యి కొట్టి అరుస్తోంది.